పనిని చదివే శాస్త్రం

ఒక వ్యాపార సంస్థలో రోజూ జరిగే పనిని దగ్గరగా పరిశీలించి, దానికి కావలసిన సమాచారం ఎవరి దగ్గర పుడుతోందో, ఎవరెవరి చేతులు మారుతోందో, ఎక్కడ నిలవ ఉంటోందో, చివరికి ఏ నిర్ణయానికి పనికివస్తోందో తేల్చి, ఆ తేల్చినదాన్ని పని చేసేవారికీ ప్రోగ్రాము రాసేవారికీ ఒకే విధంగా అర్థమయ్యేట్టు కాగితం మీద పెట్టే విద్యను సిస్టమ్స్ అనాలిసిస్ అంటారు. అలా కాగితం మీదికి వచ్చిన రూపమే మోడల్, అంటే నమూనా. జవహర్ భారతి 1951లోనూ, పి.బి.ఆర్. విశ్వోదయ ఇంజనీరింగ్ కళాశాల 1998లోనూ ఏర్పడి, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం కూడా నడుస్తున్న కావలి వంటి విద్యల పట్టణంలో కంప్యూటర్ కోర్సుల్లోకి వచ్చే యువకులకు ఈ విషయం ఏదో ఒక సెమిస్టరులో తప్పక ఎదురవుతుంది. అయితే ప్రోగ్రామింగ్ భాషలకు ఇచ్చే విలువ దీనికి ఇచ్చేవారు తక్కువ. గుండ్రాలు, గీతలు, బాణాలు గుర్తుపెట్టుకుంటే గట్టెక్కే పేపరుగానే దీన్ని చూడడం, ప్రోగ్రాము పూర్తయిన తర్వాత ప్రాజెక్టు రిపోర్టు నిండడానికి నమూనా చిత్రాలు గీయడం మన కళాశాలల్లో మామూలైపోయింది. ఇల్లు కట్టిన తర్వాత ప్లాను గీసినట్టున్న ఈ అలవాటు వల్ల విద్యార్థి ఈ శాస్త్రంలో అసలు నేర్చుకోవలసినదాన్నే కోల్పోతున్నాడు.

వ్యాపారానికి కంప్యూటర్‌ను వాడడం మొదలైన రోజుల్లోనే ఈ విద్య పుట్టింది. లండన్‌లో టీ దుకాణాలు, బేకరీలు నడిపిన జె. లయన్స్ అనే కంపెనీ సొంతంగా లియో అనే కంప్యూటర్‌ను తయారుచేసుకొని, 1951 నవంబరులో బేకరీ సరుకుల విలువ లెక్కకట్టే పనిని దానికి అప్పగించింది. కంపెనీలో పనుల విశ్లేషణకు బాధ్యత వహించిన డేవిడ్ కామినర్‌ను ప్రపంచంలో తొలి సిస్టమ్స్ అనలిస్టుగా చాలామంది పరిగణిస్తారు. ఆయన బృందం దుకాణాల రోజువారీ ఆర్డర్ల పనిని తీసుకున్నప్పుడు, ప్రతి దుకాణం ప్రతిరోజూ పూర్తి ఆర్డరు రాసి పంపే పద్ధతిని యథాతథంగా యంత్రంలోకి ఎక్కించలేదు. ప్రతి దుకాణానికీ వారంలో ఒక్కో రోజుకు స్థిరమైన ఆర్డరు ముందే యంత్రం దగ్గర ఉంచి, అందులో ఆ రోజు ఏమైనా మార్పుంటే దానిని మాత్రమే దుకాణం నిర్వహించే మహిళ ఫోనులో చెప్పేట్టు ఏర్పాటు చేశారు. యంత్రం ఎంత వేగంగా లెక్కకడుతుందన్నది ఇక్కడ రెండో ప్రశ్న. దుకాణం నుంచి నిజంగా రావలసిన సమాచారం ఎంత అన్నది మొదటి ప్రశ్న. ఈ వరుస తారుమారైతే కంప్యూటర్ వచ్చినా పని తగ్గదు.

ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలలో ఈ అనుభవాలు పాఠ్యాంశాలుగా స్థిరపడ్డాయి. 1970ల చివర టామ్ డిమార్కో, ఎడ్వర్డ్ యోర్డన్, క్రిస్ గేన్, ట్రిష్ సార్సన్ వంటివారు స్ట్రక్చర్డ్ అనాలిసిస్ అనే పద్ధతికి రూపమిచ్చారు. దాని ముఖ్యసాధనం డేటా ఫ్లో డయాగ్రమ్, అంటే సమాచారం నడిచే దారులను చూపే చిత్రం. ఇందులో నాలుగే గుర్తులు ఉంటాయి. వ్యవస్థకు బయట ఉండి సమాచారం ఇచ్చే లేదా పుచ్చుకునే వ్యక్తికో సంస్థకో ఒక చదరం, సమాచారాన్ని మార్చే పనికి ఒక వృత్తం, సమాచారం నిలవ ఉండే పుస్తకానికో ఫైలుకో రెండు సమాంతర రేఖలు, నడకకు బాణం. గుర్తులు తక్కువైనా వాటికి ఉన్న నియమాలు కఠినమైనవి: సమాచారం లోపలికి వెళ్లి ఏదీ బయటికి రాని పని ఉండకూడదు, ఏదీ లోపలికి వెళ్లకుండానే ఫలితం ఇచ్చే పని ఉండకూడదు, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఎవరూ రాయకుండా సమాచారం దానంతట అది ప్రవహించకూడదు. ఈ నియమాలతో చిత్రాన్ని సరిచూసినప్పుడు తప్పు ఎక్కువగా చిత్రంలో కాక విద్యార్థి అవగాహనలో బయటపడుతుంది. తాను అడగడం మరిచిపోయిన ప్రశ్న ఎక్కడుందో ఆ ఖాళీయే చూపిస్తుంది.

డిమార్కో చెప్పిన విషయాల్లో అన్నిటికంటే విలువైనది నాలుగు నమూనాల వరుస. మొదట ఇప్పుడు పని జరుగుతున్న తీరును మనుషుల పేర్లతో, పుస్తకాల పేర్లతో, బల్లలతో సహా ఉన్నదున్నట్టు గీయాలి. దీనిని భౌతిక నమూనా అంటారు. తర్వాత అందులో నుంచి మనుషులనూ పుస్తకాలనూ తీసివేసి, వాటి వెనుక ఉన్న ప్రయోజనాన్ని మాత్రమే మిగిల్చాలి; ఇది తార్కిక నమూనా. ఆ తార్కిక నమూనాలో కావలసిన మార్పులు చేసి కొత్త తార్కిక నమూనాను, చివరికి దానిని అమలుచేసే కొత్త భౌతిక నమూనాను తయారుచేయాలి. ఈ నాలుగింటిలో రెండోది కష్టమైనది. ఒక గుమాస్తా ఏం చేస్తున్నాడో చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. అతడు ఆ పని ఎందుకు చేస్తున్నాడో, అది చేయకపోతే ఎవరికి ఏ హక్కు పోతుందో చెప్పగలగడానికి ఆలోచన కావాలి.

ఈ తేడాను తెలుగు పాఠకులకు స్పష్టంగా చూపించే ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖలో ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకటో పుస్తకంలో నమోదు కావాలి, వ్యక్తుల పేర్లతో ఒక సూచిక, ఆస్తి వివరాలతో మరో సూచిక తయారుకావాలి. కార్యాలయంలో గుమాస్తా దస్తావేజు మొత్తాన్ని చేత్తో ఆ పుస్తకంలోకి అక్షరం అక్షరం ఎక్కించేవాడు; ఆ నకలు పూర్తయ్యేదాకా అసలు దస్తావేజు యజమానికి తిరిగి వచ్చేది కాదు. ఎవరైనా పొలం కొనేముందు దానిమీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో తెలుసుకోవడానికి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ అడిగితే, పదమూడేళ్లదో ముప్ఫయ్యేళ్లదో పుస్తకాలన్నీ తిరగేసి వెతకవలసి వచ్చేది. భూమి విలువ ఎంతో చెప్పే పట్టిక కార్యాలయం లోపల ఉండేది కాబట్టి స్టాంపు ఖర్చు ఎంతవుతుందో కొనేవాడికి ముందుగా తెలిసేది కాదు.

ఈ పనిని కంప్యూటర్‌లోకి తేవడానికి 1996లో ప్రయోగాత్మకంగా మొదలైన పథకం, జె. సత్యనారాయణ అనే ఐఏఎస్ అధికారి నాయకత్వంలో, 1998 నవంబరు 4న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 387 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో 214 చోట్ల కార్డ్ అనే పేరుతో ఒకేసారి అమలులోకి వచ్చింది. పాత పద్ధతిని ఉన్నదున్నట్టు యంత్రంలోకి ఎక్కించి ఉంటే, గుమాస్తా పుస్తకంలో రాసే దస్తావేజునే కీబోర్డు మీద టైపు చేయవలసి వచ్చేది, ఆలస్యమూ తప్పులూ అలాగే ఉండేవి. నకలు రాయడం వెనుక ఉన్న ప్రయోజనం వేరు: దస్తావేజు యజమాని చేతిలో పోయినా, ఎవరైనా దిద్దినా, దాని మార్చలేని ప్రతి ప్రభుత్వం దగ్గర ఉండడం. ఆ ప్రయోజనానికి స్కాన్ చేసిన బొమ్మ చాలు, సూచికల్లోకి వెళ్లవలసిన పేర్లు, సర్వే నంబర్లు, హద్దులు, విలువ మాత్రం టైపు చేస్తే చాలు. భౌతిక నమూనా నుంచి తార్కిక నమూనాకు వెళ్లడమంటే ఇదే. ఆ ఒక్క అడుగు వల్లనే రిజిస్ట్రేషన్‌ను గంటలో పూర్తిచేయడం, ఈసీని నిమిషాల్లో ఇవ్వడం అనే లక్ష్యాలు పెట్టుకోవడానికి వీలైంది. అయితే చేత్తో రాసిన పుస్తకానికి ఉన్న చట్టబద్ధత కంప్యూటర్‌లోని బొమ్మకు రావాలంటే చట్టాన్ని కూడా సవరించవలసి వచ్చింది. సాధ్యాసాధ్యాల పరిశీలన అనే అధ్యాయంలో సాంకేతిక, ఆర్థిక సాధ్యతలతో పాటు చట్టపరమైన సాధ్యతను వేరుగా చదివించడానికి కారణం ఇలాంటి సందర్భాలే.

కార్డ్ గురించి మెచ్చుకోలు మాటలు దేశంలోనూ బయటా చాలా వచ్చాయి. వాటితో పాటు చదవవలసిన మరో వ్యాసం ఉంది. 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో జొనాథన్ కేస్లీ, ఈ సంస్కరణ పైపై తొడుగుగానే మిగిలిందనీ, రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో అవినీతి పోలేదనీ వాదించాడు. దస్తావేజు లేఖరుల స్థానం ఆలోచిస్తే ఈ విమర్శలో విశ్లేషకుడికి కావలసిన పాఠం దొరుకుతుంది. దస్తావేజు లేఖరి శాఖ ఉద్యోగి కాడు, కాబట్టి అధికారిక చిత్రంలో అతడు వ్యవస్థకు బయటివాడు. కాని దస్తావేజు భాష రాయడం, జతచేయవలసిన కాగితాలు సరిచూడడం, ఏ కాగితం లేకపోతే ఏమవుతుందో చెప్పడం, కార్యాలయానికీ జనానికీ మధ్య నడవడం, ఇవన్నీ అతడి చేతుల మీదుగానే సాగుతాయి. అతడు చేస్తున్న పనిని నమూనాలో ఒక పనిగా గుర్తించి, దానిని ఎవరు, ఎలా చేయాలో నిర్ణయించకపోతే, కార్యాలయం లోపల ఎన్ని కంప్యూటర్లు పెట్టినా కాగితాల భయం ఉన్న రైతు మళ్లీ అతడి దగ్గరికే వెళతాడు, చేతులు మారే డబ్బు కూడా ఆ దారినే పోతుంది. వ్యవస్థ సరిహద్దు గీతను ఎక్కడ గీయాలన్నది ఈ శాస్త్రంలో ఆరంభంలోనే వచ్చే ప్రశ్న. ఆ గీత తప్పు చోట పడితే లోపల ఎంత నైపుణ్యం చూపినా ఫలితం సగమే. 2023లో కార్డ్ 2.0 పేరుతో కొత్త రూపం వచ్చినప్పుడు కూడా దస్తావేజు లేఖరుల నుంచే ఎక్కువ ఆందోళన రావడంలో ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈ విద్యను అభ్యసించడానికి కావలి విద్యార్థి దూరం వెళ్లనక్కరలేదు. పట్టణంలోని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఒక ఉదాహరణ అయితే, కావలి, బోగోలు, అల్లూరు మండలాల తీరగ్రామాల్లోని రొయ్యల సాగు ఇంకా లోతైన ఉదాహరణ. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత విస్తరించిన ఈ సాగులో హేచరీ నుంచి సీడ్, డీలరు నుంచి మేత, ఏజెంటు ద్వారా పట్టుబడి, ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి విదేశీ మార్కెట్టు దాకా సాగే వరుసలో సరుకు ఒక దిక్కుకు, డబ్బు దానికి ఎదురు దిక్కుకు నడిస్తే సమాచారం చాలా దిక్కులకు నడుస్తుంది. మేత డీలరు దుకాణం ఒక్కదానినే తీసుకున్నా చాలు. రైతు మేతను చాలావరకు అప్పుమీద తీసుకుంటాడు. మూడు నాలుగు నెలల తర్వాత పట్టుబడి జరిగి సరుకు అమ్మిన డబ్బులో నుంచి డీలరు బాకీ తీరుతుంది. పైకి చూస్తే ఇది సరుకు, బిల్లు, బాకీ అనే మూడు మాటల కథ. బజారులో దొరికే ఏ అకౌంట్ల సాఫ్ట్‌వేరైనా దీనిని చేయగలదనిపిస్తుంది.

ప్రశ్నలు అడగడం మొదలుపెడితే కథ మారుతుంది. బాకీ ఎవరి పేరు మీద ఉండాలి? ఒక రైతుకు సొంత గుంటలు రెండు, కౌలుకు తీసుకున్నవి మూడు ఉండవచ్చు. అన్నదమ్ములిద్దరు ఒకే గుంటలో చెరిసగం పెట్టుబడి పెట్టవచ్చు. ఒకరి ఖాతాలో తీసుకున్న మేత ఆ వారం అవసరం కొద్దీ పక్కవాడి గుంటలోకి పోవచ్చు. తెల్లమచ్చ వ్యాధి సోకిందని తెలియగానే కౌంట్ రాకపోయినా రాత్రికి రాత్రి పట్టుబడి చేయవలసి వస్తే బాకీలో కొంతే తీరి మిగిలినది తర్వాతి పంటకు వెళుతుంది, ఆ తర్వాతి పంట వేరే గుంటలో కూడా ఉండవచ్చు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. కిలోకు ముప్ఫై తూగే రొయ్యకు, వంద తూగే రొయ్యకు ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి గుంట గట్టు మీద తీసే నమూనా తూకమే లెక్క మొత్తాన్ని నిర్ణయిస్తుంది. ఆ తూకం ఎవరు చూశారు, ఎవరు రాశారు, రైతు ఒప్పుకున్నాడా అన్న సమాచారానికి బిల్లులో చోటు లేకపోతే తగాదా వచ్చిన రోజున కంప్యూటర్ ఎవరికీ సాక్షిగా నిలబడదు.

ఇక్కడ పనికివచ్చే రెండో సాధనం ఎంటిటీ రిలేషన్‌షిప్ నమూనా. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో, సంస్థ గుర్తుపెట్టుకోవలసిన ప్రతి వస్తువునూ, వ్యక్తినీ, సంఘటననూ ఎంటిటీగా తీసుకొని, వాటి మధ్య సంబంధం ఒకటికి ఒకటా, ఒకటికి అనేకమా, అనేకానికి అనేకమా అని తేల్చాలి. తొందరపడిన విద్యార్థి రైతు అని ఒక పెట్టె, గుంట అని ఒక పెట్టె గీసి, ఒక రైతుకు అనేక గుంటలు అని రాసి ముగిస్తాడు. కౌలు, భాగస్వామ్యం గుర్తుకువస్తే అది నిలవదు; ఒక గుంటకూ అనేకమంది రైతులు ఉంటారు. ఇంకా ఆలోచిస్తే రైతుకూ గుంటకూ మధ్య పంట అనే మూడో ఎంటిటీ కావాలని తెలుస్తుంది: ఫలానా గుంటలో, ఫలానా తేదీన సీడ్ వదిలిన, ఫలానావారు ఫలానా వాటాలతో పెట్టుబడి పెట్టిన ఒక్కో విడత. మేత పంటకు వెళుతుంది, బాకీ పంటకు పుడుతుంది, కౌంట్ పంటకు వస్తుంది, నష్టం పంటకు జరుగుతుంది. ఈ ఒక్క పెట్టె కనిపించిన తర్వాత అంతవరకు చిక్కుగా ఉన్న ప్రశ్నలలో సగం విడిపోతాయి. మంచి నమూనా ఇచ్చే ఆనందం ఇలాంటి చోటే దొరుకుతుంది, దానిని ఏ పాఠ్యపుస్తకమూ ముందుగా చెప్పి ఇవ్వలేదు.

ఈ సూక్ష్మత డీలరు లెక్కలతో ఆగదు. నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషాల విషయంలో యూరోపియన్ యూనియన్ కఠినంగా ఉండి, భారతదేశం నుంచి వచ్చే సాగు రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 2016లో పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది. ఒక పెట్టెలోని సరుకులో దోషం కనబడితే అది ఏ గుంట నుంచి వచ్చిందో వెనక్కి నడిచి చెప్పగలగాలి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ అయిన ఎంపెడా సాగు గుంటలను నమోదు చేయించడంలోని ఉద్దేశం అదే. కాని ఒక లారీలో నాలుగు గుంటల సరుకు కలిసి, ప్లాంటులో సైజుల వారీగా వేరై, అనేక లాట్లలోకి చేరినప్పుడు, లాటుకూ పంటకూ మధ్య సంబంధం అనేకానికి అనేకంగా మారుతుంది. ఆ సంబంధాన్ని మధ్యలో ఎవరైనా నమోదు చేయకపోతే, పొరపాటు ఒక గుంటలో జరిగినా అనుమానం నలుగురు రైతుల మీద పడుతుంది. డేటాబేసులో ఒక పట్టిక లేకపోవడం ఒక కుటుంబం ఆదాయానికి దెబ్బ కాగలదన్న సంగతి తరగతిలో చెప్పవలసిన విషయం.

మూడో సాధనమైన యూఎంఎల్ గురించి క్లుప్తంగా చెబితే చాలు. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఇవార్ జేకబ్సన్ వేర్వేరుగా తయారుచేసిన గుర్తులను కలిపి 1997లో ప్రమాణంగా ఆమోదించిన ఈ చిత్రభాషలో చాలా రకాల చిత్రాలున్నా, వ్యాపార వ్యవస్థలు చదివేవారికి ముఖ్యంగా మూడు పనికివస్తాయి: ఎవరు వ్యవస్థతో ఏ పని చేయించుకుంటారో చూపే యూజ్ కేస్ చిత్రం, పని అడుగులను చూపే యాక్టివిటీ చిత్రం, ఒక వస్తువు స్థితులు ఎలా మారతాయో చూపే స్టేట్ చిత్రం. రొయ్యల పంటకు స్టేట్ చిత్రం గీసిన విద్యార్థి సీడ్ వదలడం, పెరుగుదల, పట్టుబడి అని మూడు స్థితులతో మొదలుపెట్టి, పాక్షిక పట్టుబడి, అత్యవసర పట్టుబడి, పంట పూర్తిగా పోవడం అనే మరో మూడింటిని రైతును అడిగితే తప్ప చేర్చలేడు. 2001లో వచ్చిన ఎజైల్ ప్రకటన తర్వాత ఇంత నమూనా పని అవసరమా అనే సందేహం పరిశ్రమలో వినిపిస్తూ ఉంది. చిన్న చిన్న భాగాలుగా తయారుచేసి, వాడేవారికి చూపించి దిద్దుకుంటూ పోవాలన్న ఆ వాదంలో న్యాయం ఉంది. కాని పంట అనే ఎంటిటీ లేకుండా మొదలైన ప్రోగ్రామును ఆరు నెలల తర్వాత దిద్దడమంటే అప్పటిదాకా పోగైన లెక్కలన్నిటినీ మళ్లీ పోగుచేయడమే. పనితీరు వివరాలను మెల్లగా తెలుసుకోవచ్చు, డేటా ఆకృతిని మాత్రం మొదటే శ్రద్ధగా ఆలోచించాలి.

వివరాల సేకరణలో ఎదురయ్యే అసలు కష్టం సాంకేతికమైనది కాదు, మనుషులకు సంబంధించినది. యజమాని చెప్పే పద్ధతికీ గుమాస్తా పాటించే పద్ధతికీ తేడా ఉంటుంది, ఆ తేడా యజమాని ఎదుట గుమాస్తా నోట రాదు. అందువల్ల పాఠ్యపుస్తకాలు ఇంటర్వ్యూ, ప్రశ్నావళి, రికార్డుల పరిశీలన, ప్రత్యక్ష పరిశీలన అని నాలుగు మార్గాలు చెప్పినా, మన ఊళ్ల వ్యాపారాలకు చివరి రెండూ ఎక్కువ నమ్మదగినవి. ఖాతా పుస్తకంలో అంచున పెన్సిలుతో రాసుకున్న గుర్తులు, బిల్లు వెనుక వేసిన లెక్కలు, గోడకు కట్టిన తీగకు గుచ్చిన చీటీలు, ఇవన్నీ అధికారిక పద్ధతిలో చోటు దొరకని సమాచారానికి మనుషులు కల్పించుకున్న చోట్లు; విశ్లేషకుడు మొదట చూడవలసినవి అవే. బ్రిటన్‌లో ఎనిడ్ మమ్‌ఫర్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, వ్యవస్థను వాడబోయే గుమాస్తాలే దాని రూపకల్పనలో పాల్గొనాలని దశాబ్దాలపాటు వాదించింది. గుమాస్తాకు తన పని తెలిసినంతగా ఎవరికీ తెలియదన్న గౌరవం ఆ వాదానికి మూలం.

ఐఐటీ కాన్పూరులో దేశపు తొలి కంప్యూటర్ సైన్సు బోధనకు పునాది వేసినవారిలో ఒకరైన వి. రాజారామన్ రాసిన పాఠ్యపుస్తకం ఈ విషయంలో తరాల భారతీయ విద్యార్థులకు ఆధారంగా నిలిచింది. అలాంటి పుస్తకం ఇచ్చే పద్ధతిని ఊరి పనిమీద ప్రయోగించే సమయం మాత్రం కోర్సుల్లో తగ్గుతోంది. మూడేళ్ల ఎంసీఏ 2020 నుంచి రెండేళ్లకు కుదించుకుపోయిన తర్వాత క్షేత్ర పరిశీలనకు మిగిలే వారాలు మరీ తక్కువ. రామాయపట్నం ఓడరేవు, జువ్వలదిన్నె చేపల రేవు వంటి నిర్మాణాలతో కావలి పరిసరాల్లో సరుకు లెక్కలు, రవాణా లెక్కలు, కూలీల లెక్కలు పెరగబోయే కాలంలో ఈ కొరత ఇక్కడివారికే నష్టం.

కాబట్టి కావలి కళాశాలలు ప్రాజెక్టు నిబంధనల్లో ఒక్క మార్పు చేయాలి. గ్రంథాలయ నిర్వహణ, హాస్టల్ నిర్వహణ వంటి అరిగిపోయిన అంశాలను పక్కనపెట్టి, ప్రతి బృందం పట్టణంలోని ఒక దుకాణాన్నో, హేచరీనో, ఐసు ఫ్యాక్టరీనో, సహకార సంఘాన్నో ఎంచుకోవాలి. అక్కడి పనిని ఒక పంటకాలం పాటు చూసి గీసిన నమూనాను మొదట అక్కడ లెక్కలు రాసే మనిషి చేతికి ఇచ్చి, అతడు తప్పులు చూపి, దిద్దించి, సరే అని సంతకం చేసిన తర్వాతనే ప్రోగ్రాము రాయడానికి అనుమతి ఇవ్వాలి. పరీక్షకుడి సంతకం ఆ తర్వాతే పడాలి.